యూదు మత పాఠశాలలు: పిల్లలు, కుటుంబాల భాగస్వామ్యం

యూదుల పిల్లలకు హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, తోరా (ధర్మశాస్త్రం), పండుగల ఆచారాలు నేర్పే బడిని యూదు మత పాఠశాల అంటారు. దేశాన్ని బట్టి, శాఖను బట్టి దీని రూపం మారుతుంది. అమెరికాలో ఇది ఎక్కువగా సినగాగుకు (యూదుల ప్రార్థనామందిరానికి) అనుబంధంగా ఆదివారం ఉదయం నడుస్తుంది. కొన్నిచోట్ల వారం మధ్యలో ఒకటి రెండు సాయంత్రాలు కూడా ఉంటుంది. మిగతా రోజుల్లో ఆ పిల్లలు మామూలు బడికే వెళతారు. మత విద్య, లౌకిక విద్య రెండూ ఒకేచోట చెప్పే పూర్తిస్థాయి ‘డే స్కూళ్లు’ వేరుగా ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో మతపర పాఠశాలల విభాగాన్ని ప్రభుత్వమే నడుపుతుంది.

ఇన్ని రూపాల్లోనూ చిక్కు మాత్రం ఒక్కటే. యూదు మతంలో ఆచారానికి అసలు చోటు ఇల్లు. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగేది భోజనాల బల్ల మీద, పస్కా రాత్రి కథ చెప్పుకునేది కుటుంబం మధ్య. బడిలో నేర్చిన దీవెనను ఇంట్లో ఎవరూ పలకకపోతే అది పరీక్ష కోసం బట్టీపట్టిన పద్యంలా పరీక్షతోనే పోతుంది. అందుకే ఈ బడుల చరిత్ర చాలావరకు తల్లిదండ్రులను చదువులోకి ఎలా లాగాలన్న తాపత్రయంతోనే నడిచింది.

తండ్రి పని బడికి ఎలా వచ్చింది

పిల్లలకు ధర్మశాస్త్రం నేర్పాలన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది. అది బడిపంతులుకు ఇచ్చింది కాదు, కన్నవారికి ఇచ్చింది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటి గురించే మాట్లాడమంటుంది. కొడుకు విషయంలో తండ్రి చేయవలసిన పనులను యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూద్‌లోని కిద్దుషిన్ భాగం వరసగా చెబుతుంది. సున్నతి, తోరా బోధన, పెళ్లి, చేతివృత్తి అందులో ఉన్నాయి. ఈత కూడా నేర్పాలని కొందరు పండితులు చేర్చారు.

తండ్రి లేని పిల్లవాడి సంగతేమిటి? బావా బాత్రా అనే మరో భాగం దీనికి జవాబుగా బడి పుట్టిన కథ చెబుతుంది. మొదట్లో తండ్రి ఉన్నవాడు చదువుకునేవాడు, లేనివాడు చదువు లేకుండా మిగిలేవాడు. యెరూషలేములో గురువులను నియమిస్తే అక్కడికి తీసుకెళ్లడానికి మళ్లీ తండ్రే కావలసి వచ్చింది. తర్వాత ప్రాంతానికొక గురువును పెట్టి పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లను చేర్చారు. ఆ వయసువాడు గురువు కోప్పడితే ఎదురుతిరిగి బయటికి నడిచేవాడు. చివరికి క్రీ.శ. 1వ శతాబ్దంలో ప్రధాన యాజకుడు యెహోషువ బెన్ గమ్లా ఊరూరా గురువులను నియమించి, ఆరు లేదా ఏడేళ్లకే పిల్లలను చేర్చాలని ఏర్పాటు చేశాడు. ఒక గురువుకు 25 మంది పిల్లలు, 40 మంది అయితే ఒక సహాయకుడు, 50 మంది అయితే ఇద్దరు గురువులు అన్న లెక్క కూడా అక్కడే ఉంది. ఈనాటి విద్యాశాఖలు ఇంకా తేల్చుకోలేని ఉపాధ్యాయ–విద్యార్థి నిష్పత్తిని అంత పాత గ్రంథంలో చూస్తే ముచ్చటేస్తుంది.

అంటే బడి తండ్రికి పోటీగా పుట్టలేదు, తండ్రి లేని చోట నిలబడడానికి పుట్టింది. అయితే తండ్రి ఉన్నవాళ్లు కూడా ఆ పనిని క్రమంగా గురువుకే వదిలేశారు.

పసిపిల్లలను మతకార్యాల్లో ఎందుకు కూర్చోబెట్టాలన్న ప్రశ్నకూ తల్మూద్‌లో జవాబుంది. ఏడేళ్లకొకసారి పర్ణశాలల పండుగలో స్త్రీలు, పురుషులు, పిల్లలు అందరూ కూడి తోరా వినే ‘హక్హేల్’ అనే సభ ఉండేది. పురుషులు నేర్చుకోవడానికి వస్తారు, స్త్రీలు వినడానికి వస్తారు, మరి ఏమీ అర్థం కాని పసివాళ్లు ఎందుకు? వాళ్లను తీసుకొచ్చినవారికి పుణ్యం దక్కడానికట. చంకలో బిడ్డతో సభకు వెళ్లి, బిడ్డ ఏడిస్తే బయటికి, ఊరుకుంటే లోపలికి తిరిగిన ఏ తల్లికైనా ఈ జవాబు నచ్చుతుంది.

తేనె పూసిన పలక

మధ్యయుగాల్లో జర్మనీ, ఉత్తర ఫ్రాన్సు ప్రాంతాల యూదులు పిల్లవాడి తొలి బడిరోజును షవూఓత్ పండుగనాడు వేడుకగా జరిపేవారు. 12, 13 శతాబ్దాల రచనల్లో దీని వివరాలున్నాయి. దారిలో అపవిత్రమైనదేదీ కంటపడకుండా పిల్లవాణ్ని వస్త్రంలో చుట్టి, ఎత్తుకుని గురువు దగ్గరికి తీసుకెళ్లేవారు. గురువు వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీది హీబ్రూ అక్షరాలను మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చదివించేవాడు. తర్వాత పలక మీద తేనె పూస్తే పిల్లవాడు దాన్ని నాకేవాడు. లేఖన వాక్యాలు రాసిన తేనె రొట్టె, పొట్టు తీసిన ఉడికించిన గుడ్డు కూడా తినిపించేవారు. 14వ శతాబ్దం తొలినాళ్లకు చెందిన లైప్జిగ్ మహ్జోర్ అనే ప్రార్థనా గ్రంథంలో ఈ వేడుక బొమ్మగా కనిపిస్తుంది. పళ్లెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టి ఓనమాలు దిద్దించే మన అక్షరాభ్యాసం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. కాకపోతే అక్కడ అక్షరం చేతికంటే ముందు నాలుకకు అందుతుంది.

తూర్పు యూరప్‌లో ఈ చదువుకు చోటు ‘హేదర్’. ఆ మాటకు అర్థం గది. పేరుకు తగ్గట్టే అది మెలమెద్ అనే గురువు ఇంట్లోని ఒక గది. పేదపిల్లల కోసం ఊరివాళ్ల చందాలతో నడిచే బడి ‘తల్మూద్ తోరా’. బురద రోజుల్లో చిన్నపిల్లలను గురువు సహాయకుడు భుజాన వేసుకుని బడికి చేర్చేవాడు. కొత్తగా చేరిన పిల్లవాడు పుస్తకం మీదికి వంగినప్పుడు పైనుంచి నాణేన్నో మిఠాయినో జారవిడిచి, దేవదూత వేశాడని నమ్మించడం కూడా అక్కడి ఆచారమే. వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ నాటి మధ్యాహ్నం ఆ వారం పాఠాన్ని తండ్రి ఎదుట అప్పజెప్పించేవారు. పిల్లవాడికి అది గండం, ఒక రకంగా గురువుకూ గండమే.

ఇదంతా మగపిల్లల కథ. ఆడపిల్లలకు ఇంటి చదువే ఉండేది. పోలండ్‌లోని క్రాకోవ్‌లో సారా షెనీరర్ అనే కుట్టుపని చేసే స్త్రీ 1917లో ‘బేత్ యాకోబ్’ అనే బడి మొదలుపెట్టాక సనాతన యూదుల్లోనూ ఆడపిల్లల మతవిద్య ఊపందుకుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే స్త్రీలు ఒంటికి పెట్టే శ్రద్ధ ఆత్మకు పెట్టడం లేదన్న బాధ ఆమెను ఈ పనికి పురికొల్పిందంటారు. ఆమె లెక్క స్పష్టం: రేపటి ఇంటిని నడిపేది ఈ పిల్లలే, వాళ్లకు చదువు లేకపోతే ఇల్లే బడిగా ఉండదు.

అమెరికా ఆదివారం బడి

1838లో ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ హీబ్రూ సండే స్కూలును స్థాపించింది. ప్రొటెస్టెంట్ క్రైస్తవుల ఆదివారపు బడులు ఊరంతా విస్తరిస్తున్న కాలమది. యూదు పిల్లలు వాటివైపు మళ్లిపోతారేమోనన్న భయం ఒకవైపు ఉంటే, అదే పద్ధతిని మనమెందుకు వాడుకోకూడదన్న ఆలోచన ఇంకోవైపు ఉంది. పాఠ్యపుస్తకాలు లేక మొదట్లో క్రైస్తవుల పుస్తకాలనే తెచ్చి, యూదు మతానికి పొసగని జవాబుల మీద కాగితం ముక్కలు అతికించి పిల్లలకు ఇచ్చారు. ఆ కాగితం కింద ఏముందో చూడకుండా ఊరుకున్న పిల్లలు ఎంతమందో! మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి చదవడం, పాఠాలు చెప్పేవాళ్లంతా స్త్రీలు కావడం ఆ రోజుల్లో కొత్త. మతవిద్య తండ్రి చేతిలోంచి తల్లి చేతికి మారడం ఇక్కడ మొదలైంది. నేటికీ ఈ బడుల్లో ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది స్త్రీలే.

1881 నుంచి 1924 వరకు తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షలకు పైగా యూదులు అమెరికా చేరారు. వాళ్ల పిల్లల మతవిద్యను ఒక పద్ధతిలో పెట్టడానికి 1910లో న్యూయార్క్‌లో సామ్‌సన్ బెండర్లీ నాయకత్వాన యూదు విద్యా సంస్థ ఏర్పడింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కుటుంబాలు నగరాలు విడిచి శివార్లకు చేరాయి. అక్కడ కొత్త సినగాగులు లేచాయి, వాటిలో బడులు నిండాయి. చాలా కుటుంబాలు సినగాగు సభ్యత్వం తీసుకున్నదే పిల్లవాడికి పదమూడేళ్లకు జరిపే బార్ మిట్జ్వా వేడుక కోసం. ఆదివారం ఉదయం కారు గేటు ముందు ఆగుతుంది, పిల్లవాడు దిగుతాడు, తండ్రి గోల్ఫ్‌కో దుకాణానికో వెళ్లి రెండు గంటల తర్వాత వచ్చి ఎక్కించుకుంటాడు. ఇది ఆ తరం మీద ఆ తరమే వేసుకున్న జోకు. పిల్లవాడికి అందిన పాఠం కూడా అదే: ఇది చిన్నపిల్లల వ్యవహారం, పెద్దయ్యాక దీనితో పనిలేదు.

కన్నవారిని తరగతికి పిలవడం

1970లు, 80లలో ఈ పద్ధతికి ఎదురుగా ‘కుటుంబ విద్య’ అనే ఆలోచన బలపడింది. కాలిఫోర్నియాలోని ఎన్‌సినోలో రబ్బీ (యూదు మతగురువు) హెరాల్డ్ షుల్‌వైస్ తన సినగాగు కుటుంబాలను చిన్న చిన్న బృందాలుగా కూర్చి, ఒకరి ఇంట్లో ఒకరు పండుగలు జరుపుకునేలా చేశాడు. బంధుబలగం దూరాన ఉన్నవారికి ఆ బృందమే మేనమామలు, పినతల్లుల స్థానంలో నిలిచింది. లాస్ ఏంజెలెస్‌లోని విజిన్ సంస్థ ద్వారా రాన్ వుల్ఫ్‌సన్ కుటుంబ విద్యలో ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చాడు. షబ్బాత్, పస్కా ఇంట్లో ఎలా జరుపుకోవాలో అడుగడుగునా చెప్పే పుస్తకాలూ రాశాడు. తాతల దగ్గర చూసి నేర్చుకునే వీలు పోయినప్పుడే ఇలాంటి పుస్తకాల అవసరం పడుతుంది.

1990 నాటి జాతీయ యూదు జనాభా సర్వే మతాంతర వివాహాలు బాగా పెరిగాయని చెప్పడంతో సమాజ నాయకులు కలవరపడ్డారు. విద్య మీద డబ్బు, శ్రద్ధ పెరిగాయి. 1992లో హీబ్రూ యూనియన్ కాలేజీ విద్యావేత్త ఐసా ఆరన్ మొదలుపెట్టిన ప్రయోగం బడిని బాగుచేయడం దగ్గర ఆగలేదు. సినగాగు మొత్తమే చదువుకునే సమాజం కావాలని అది కోరింది. పిల్లలను దించి వెళ్లే పద్ధతికి బదులు, కొన్నిచోట్ల తల్లిదండ్రులు, పిల్లలు కలిసి షబ్బాత్ నాడే వచ్చి ఒకే పాఠాన్ని వేర్వేరు గదుల్లో చదివి, చివరికి ఒక బల్ల చుట్టూ చేరే పద్ధతి వచ్చింది. అలవాటు లేక మొదట ఇబ్బంది పడేది పెద్దలే. హీబ్రూ అక్షరం గుర్తుపట్టలేక పక్కనున్న ఎనిమిదేళ్ల కూతురి వైపు చూసే తండ్రికి, ఆ క్షణంలో ఎవరు ఎవరికి నేర్పుతున్నారో బాగానే తెలుస్తుంది.

బడికి రానివారి దగ్గరికి పుస్తకాన్నే పంపడం ఇంకో దారి. మసాచుసెట్స్‌లో హెరాల్డ్ గ్రిన్‌స్పూన్ 2005లో ప్రారంభించిన పీజే లైబ్రరీ యూదు కథల పుస్తకాలను నెలనెలా ఉచితంగా ఇంటికి పంపుతుంది. గాయని డాలీ పార్టన్ పిల్లలకు పుస్తకాలు పంపే పథకం దీనికి స్ఫూర్తి. పేరులోని పీజే అంటే పైజమా. పడుకోబోయే ముందు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కథ చదివే పది నిమిషాలే దాని లక్ష్యం. ఇజ్రాయెల్‌లో ‘సిఫ్రియత్ పిజామా’ పేరుతో దీనికి హీబ్రూ శాఖ ఉంది. ఖరీదైన భవనాలు, శిబిరాలకంటే ఈ చిన్న పొట్లమే ఎక్కువ ఇళ్ల తలుపు తట్టిందంటే అతిశయోక్తి కాదు.

పండుగే పాఠం

కుటుంబాన్ని కదిలించడంలో ఏ పాఠ్యప్రణాళికా పండుగకు సాటిరాదు. పస్కా రాత్రి జరిగే ‘సేదెర్’ క్రతువును చూడండి. అది మొదటి నుంచి పిల్లవాడి కోసమే కట్టిన నాటకంలా ఉంటుంది. ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరు అని ఇంట్లోని చిన్నవాడు నాలుగు ప్రశ్నలు అడగాలి, పెద్దలు ఐగుప్తు నుంచి విడుదలైన కథతో జవాబు చెప్పాలి. పులియని రొట్టె ముక్కను దాచిపెడతారు, పిల్లలు వెతికి పట్టుకుంటారు. అది తిరిగి ఇవ్వందే భోజనం ముగియదు కాబట్టి వాళ్లు బహుమతి కోసం బేరమాడతారు. పిల్లలు నిద్రపోకుండా రబ్బీ అకీవా వేయించిన గింజలు, కాయలు పంచేవాడని తల్మూద్ చెబుతుంది. పిల్లలను మెలకువగా ఉంచడం ఉపాధ్యాయుడి మొదటి పని అని ఆయనకు ఎవరూ శిక్షణ ఇచ్చి ఉండరు.

ఈ నాలుగు ప్రశ్నలు పాడడం నేర్పడానికి పస్కాకు ముందు బడులు వారాల తరబడి సాధన చేయిస్తాయి. ‘నమూనా సేదెర్’ జరిపి తల్లిదండ్రులను పిలుస్తాయి. పిండి, నీళ్లు కలిసిన క్షణం నుంచి 18 నిమిషాల్లో మత్సా రొట్టె కాలి బయటికి రావాలన్నది నియమం, దాటితే పులిసినట్టే. అందుకని కొన్ని బడుల్లో ‘మత్సా బట్టీ’ పెడతారు. ఒకడు నీళ్లు పోస్తాడు, ఒకతె పిసుకుతుంది, ఒక తల్లి అప్పడాల కర్రతో ఒత్తుతుంది, ఇంకో తండ్రి గడియారం చూస్తూ అరుస్తాడు. పిండి అంటిన మోచేతులతో, సగం మాడిన రొట్టెతో ఇంటికి వెళ్లిన పిల్లవాడికి ఐగుప్తు నుంచి హడావుడిగా బయలుదేరడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

పర్ణశాలల పండుగకు కొమ్మలతో పందిరి వేసి కాగితపు దండలు కడతారు. సిమ్హత్ తోరా పండుగనాడు ఊళ్లోని పిల్లలందరినీ ఒకే పెద్ద ప్రార్థనా వస్త్రం కింద నిలబెట్టి తోరా ముందుకు పిలుస్తారు. రిఫార్మ్ అనే ఉదార శాఖ సినగాగుల్లో ఆ పండుగకే కొత్తగా చేరిన పిల్లలకు బొమ్మంత తోరా చుట్టను చేతికిచ్చే ఆనవాయితీ ఉంది. పూరీము నాడు వేషాలు, గిలకల మోత ఉంటాయి. ఆ రోజు సినగాగులో అల్లరి చేయడమే విధి కాబట్టి పిల్లలకు వేరే ప్రోత్సాహం అవసరం పడదు.

వారం వారం ఇంటికి చేరేది షబ్బాత్. శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులు పిల్లల తల మీద చేయి ఉంచి దీవిస్తారు. మగపిల్లలను ఎఫ్రాయిము, మనష్షేల వలె, ఆడపిల్లలను శారా, రిబ్కా, రాహేలు, లేయాల వలె ఉండాలని దీవించడం ఆచారం. బడిలో పిల్లలు చేసిన సుగంధద్రవ్యాల డబ్బీ, రంగులద్దిన దీపస్తంభం, ‘త్సెదకా’ అనే దానపు డబ్బా ఇంటి బల్ల మీద చోటు సంపాదిస్తాయి. పిల్లవాడి చేతిపనిని ఏ తల్లీ పారేయలేదు. పాఠశాలలు ఈ బలహీనతను తెలిసే వాడుకుంటాయి.

ఇజ్రాయెల్ శిశుతరగతుల్లో

1953 నాటి చట్టం ఇజ్రాయెల్‌లో ప్రభుత్వ విద్యను సాధారణ, మతపర శాఖలుగా విభజించింది. అయినా శుక్రవారం ఉదయం షబ్బాత్‌ను ఆహ్వానించే వేడుక మతపరం కాని శిశుతరగతుల్లోనూ మామూలే. ప్రతి వారం ఒక పాప ‘షబ్బాత్ అమ్మ’, ఒక బాబు ‘షబ్బాత్ నాన్న’. తెల్లబట్టలు వేసుకుని, బల్ల ముందు కూర్చుని దీపాలు, ద్రాక్షరసం, అల్లిన రొట్టె మధ్య పెద్దరికం ఒలకబోస్తారు. ఆ వారం రొట్టె తెచ్చే వంతు వాళ్ల ఇంటిది. మతపర పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లలకు ప్రార్థనా పుస్తకం ఇచ్చే ఉత్సవం పెద్దది. పాటలు, నాటికలు ఉంటాయి, పుస్తకానికి పేరు కుట్టిన అట్ట తొడుగుతారు. బార్ మిట్జ్వా ఈడు పిల్లలు ‘వేళ్లు’ అనే పేరుతో వంశవృక్షం గీసి, అమ్మమ్మ తాతయ్యలను అడిగి కుటుంబ కథ రాసుకొస్తారు. మొరాకో, ఇరాక్, పోలండ్, యెమెన్ నుంచి వచ్చి చేరినవారి దేశంలో, ఇంట్లో ఎన్నడూ నోరు విప్పని తాత మనవడి హోంవర్కు కోసం విప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పదమూడేళ్ల గీత

మగపిల్లలకు 13 ఏళ్లకు బార్ మిట్జ్వా, ఆడపిల్లలకు 12 లేదా 13 ఏళ్లకు బాత్ మిట్జ్వా. సినగాగులో తోరా చదివి, మత బాధ్యతలు తనవిగా స్వీకరించే రోజు అది. అమెరికాలో మొదటి బాత్ మిట్జ్వాగా చెప్పుకునేది 1922లో న్యూయార్క్‌లో రబ్బీ మొర్దెకయ్ కప్లాన్ తన కూతురు జూడిత్‌కు జరిపింది. చాలాచోట్ల ఆ ఉదయం తోరా చుట్టను తాతయ్య అమ్మమ్మలు తల్లిదండ్రులకు, వాళ్లు బిడ్డకు అందిస్తారు. తరాల మధ్య చేయి మారడం కళ్లముందు కనిపిస్తుంది.

ఈ గీత దాటాక చాలామంది పిల్లలు బడికి రావడం మానేస్తారు. ఈ చదువు నడిపేవారికి ఇది పాత తలనొప్పి. ఆదివారం ఫుట్‌బాల్ పోటీలు, ఫీజులు, మూడు నాలుగేళ్లు నేర్చినా అర్థం తెలియని హీబ్రూ దీనికి కారణాలని అందరూ అంటారు. అయితే తల్లిదండ్రులు స్వయంగా ఏదైనా చదువుతున్న ఇళ్లలో పిల్లలు అంత తొందరగా జారిపోరని ఉపాధ్యాయులు తరచు చెప్పే మాట.

కుటుంబం అనే మాటకూ అర్థం మారింది. 2020 ప్యూ సర్వే ప్రకారం 2010 తర్వాత పెళ్లి చేసుకున్న అమెరికా యూదుల్లో 61 శాతం మంది జీవిత భాగస్వాములు యూదేతరులు. తల్లి యూదురాలు కాకపోయినా తండ్రి యూదుడై, బిడ్డను యూదు సంప్రదాయంలో పెంచితే యూదుగా పరిగణించవచ్చని రిఫార్మ్ శాఖ 1983లో తీర్మానించింది. సనాతన, కన్సర్వేటివ్ శాఖలు దీన్ని ఒప్పుకోలేదు. రిఫార్మ్ బడుల్లో ఆదివారం పిల్లలను దిగబెట్టి, వంటింట్లో హల్లా రొట్టె చేయడం నేర్చుకునే తల్లి క్రైస్తవురాలు కావచ్చు, హిందువూ కావచ్చు. తోరా దగ్గర ఆమె ఎక్కడ నిలబడాలి, ఏ దీవెన పలకవచ్చు అన్నది సినగాగు సినగాగుకీ మారుతుంది.

భారతదేశంలో

కొంకణ్ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు మరాఠీ మాట్లాడతారు. 1875లో హాయిమ్ సామ్యూల్ కేహిమ్‌కర్ బొంబాయిలో వారి పిల్లల కోసం స్థాపించిన ఇజ్రాయెలైట్ స్కూలే తర్వాత సర్ ఎలీ కదూరీ స్కూలు అయింది. వాళ్ల ఇంటి ఆచారాల్లో చెప్పుకోదగినది ఎలియా ప్రవక్త పేరిట చేసే ‘మలీదా’. అటుకులు, కొబ్బరి, బెల్లం లేదా చక్కెర, పండ్లు కలిపి పళ్లెంలో పెట్టి ప్రార్థిస్తారు. 1874లో పూనాలో అచ్చయిన పస్కా గ్రంథం బొమ్మల్లో చీరకట్టు స్త్రీలు కింద కూర్చుని మత్సా రొట్టెలు చేస్తుంటారు. కొచ్చి యూదుల్లో స్త్రీలు మలయాళంలో పాడే మతగీతాలు నోట్‌పుస్తకాల్లో రాసుకుని తల్లి నుంచి కూతురికి అందాయి. కలకత్తాలో 1881లో యూదు బాలికల కోసం పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది గాని, వలసల వల్ల అందులో చదివేవారిలో ఎక్కువమంది ముస్లిం బాలికలు.

తెలుగువారికి సంబంధించిన ఉదాహరణ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉంది. ‘బెనె ఎఫ్రాయిమ్’ అని తమను పిలుచుకునే ఈ చిన్న సమాజం మాదిగ నేపథ్యం నుంచి వచ్చింది. ఒకప్పుడు క్రైస్తవంలో ఉన్న వీరు ఎఫ్రాయిము గోత్రపు వారసులమని చెప్పుకుంటూ 1991లో తమ సినగాగును ఏర్పాటు చేసుకున్నారు. యాకోబి సోదరులు దీనికి నాయకత్వం వహించారు. బెనె ఇజ్రాయెల్‌ను గుర్తించినట్టుగా ఇజ్రాయెల్ వీరిని గుర్తించలేదు. యులియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి వీరి మీద ఒక గ్రంథం రాశారు. ఇక్కడ తల్లిదండ్రులను బడికి రప్పించే సమస్యే లేదు, ఎందుకంటే వాళ్లూ తొలితరం విద్యార్థులే. కుడి నుంచి ఎడమకు నడిచే లిపిని, గుణింతానికి బదులు అక్షరం కింద చుక్కలు గీతలుగా పెట్టే అచ్చుల గుర్తులను పెద్దలూ పిల్లలతో పాటు కొత్తగా కూడబలుక్కోవలసి వచ్చింది.